పావు లీటరు బిడ్డకు 5 లీటర్ల ఆక్సిజన్ మెషిన్: అద్దెకు తెచ్చే ముందు

28, 30 వారాలకే పుట్టిన బిడ్డల్లో కొందరిని ఊపిరితిత్తులు పూర్తిగా తేరుకోకముందే ఇంటికి పంపిస్తారు. డిశ్చార్జి కాగితంలో బీపీడీ (నెల తక్కువ బిడ్డలకు వచ్చే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు) అని జబ్బు పేరు, దాని కింద ‘హోమ్ ఆక్సిజన్, నిమిషానికి 0.25 లీటర్లు’ అని ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని సర్జికల్ షాపుకి వెళ్తే ఎక్కువ చోట్ల చూపించేది 5 లీటర్ల కాన్సంట్రేటర్. కొనాలంటే పదుల వేలల్లో డబ్బు, అద్దెకైతే డిపాజిట్, ఆపైన నెలనెలా కిరాయి. ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) బిల్లుకే ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి పెట్టినవాళ్లకు ఇది ఆపైన పడే బరువు.

మా అభిప్రాయం ముందే చెబుతాం. మెషిన్ పనితనానికి వంక పెట్టాల్సిందేమీ లేదు. కానీ ఒట్టి మెషిన్ తెచ్చి గోడ పక్కన పెట్టుకుంటే పసిబిడ్డకు అది సరిపడదు. దానికి తగిలించాల్సిన చిన్న ముక్కలు మూడు నాలుగు ఉన్నాయి. షాపువాళ్లు అడిగితే తప్ప వాటి ఊసెత్తరు. ఇంకో మాట: 0.25 లీటరు, అంతకంటే తక్కువ చాలిన బిడ్డకు చాలా ఇళ్లలో రెండు బి-టైప్ సిలిండర్లతోనే పని జరిగిపోతుంది. అర లీటరు, ఆ పైన కావాల్సి వస్తేనే మెషిన్ దాని కిరాయికి తగ్గ పని చేస్తుంది. ఏది తెచ్చుకున్నా డాక్టరుకు చెప్పే తెచ్చుకోవాలి.

మెషిన్ ఆక్సిజన్ తయారు చేయదు. గదిలో గాలినే లోపలికి పీల్చి, కంప్రెసర్‌తో నొక్కి, జియోలైట్ గుళికలు నింపిన గొట్టాల్లోంచి పంపిస్తుంది. గుళికలు నైట్రోజన్‌ను పట్టుకుంటాయి, 93 శాతం దగ్గర ఆక్సిజన్ బయటికొస్తుంది. ఆన్ చేసిన వెంటనే ఆ శాతం రాదు, పది పదిహేను నిమిషాలు నడవనివ్వాలి. అంతవరకు బిడ్డ సిలిండర్ మీద ఉండాలి. ఫిలిప్స్ ఎవర్‌ఫ్లో లాంటి మెషిన్ బరువు 14 కిలోలు, కరెంటు 350 వాట్లు, ఫ్లో అర లీటరు నుంచి 5 లీటర్ల వరకు.

చిక్కంతా ఆ అర లీటరు దగ్గరే. మెషిన్ మీది గాజుగొట్టంలో గీతలు అర లీటరుతో మొదలవుతాయి. బిడ్డకు కావాల్సింది 0.25, ఒక్కోసారి 0.1. మొదటి గీతకు కింద బంతిని అందాజాగా నిలబెట్టి ‘ఇది పావు లీటరు’ అనుకోవడం చాలా ఇళ్లలో చూసే తప్పు. అక్కడ బంతి నిలకడగా ఉండదు, వెంట్రుకవాసి తిప్పితే ఫ్లో రెట్టింపు అయిపోవచ్చు, లేదా అసలు ఆగిపోవచ్చు. కొన్ని మెషిన్లు ఫ్లో ఆగిందనుకుని అలారం కూడా మోగిస్తాయి.

దీనికి విరుగుడు లో-ఫ్లో మీటర్. సున్నా నుంచి 1 లీటరు వరకు, పదో వంతు గీతలతో వచ్చే చిన్న గొట్టం. కొనేటప్పుడు ఒక్క మాట గట్టిగా అడగాలి: ‘ఇది కాన్సంట్రేటర్‌కా, సిలిండర్‌కా?’ హాస్పిటల్ గోడకు, సిలిండర్ రెగ్యులేటర్‌కు బిగించే ఫ్లోమీటర్ 50 పీఎస్ఐ ఒత్తిడికి లెక్కగట్టి చేసింది. కాన్సంట్రేటర్ నుంచి వచ్చే ఒత్తిడి అందులో చిన్న వంతే. హాస్పిటల్ మీటర్ తెచ్చి మెషిన్‌కు తగిలిస్తే బంతి చూపించే అంకె ఒకటి, బిడ్డకు అందేది ఇంకొకటి. కాన్సంట్రేటర్ కోసం చేసిన పీడియాట్రిక్ కిట్ వేరుగా దొరుకుతుంది, మెషిన్ మోడల్ చెప్పి తెప్పించుకోవాలి. మెషిన్ మీది పెద్ద నాబ్ ఎంత దగ్గర ఉంచాలో ఆ కిట్ కాగితంలోనే ఉంటుంది. ఫ్లోను నిర్ణయించేది చిన్న మీటరే. అంకె చదివేటప్పుడు మీటర్ నిటారుగా ఉండాలి, కళ్లు బంతికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. మామూలుగా బంతి నడుము ఏ గీత మీద ఉంటే అదే ఫ్లో.

తరవాతది ఆక్సిజన్‌కు తేమ పట్టించే నీళ్ల బాటిల్. షాపులో అడగకుండానే బిగించి ఇస్తారు. నిమిషానికి 1 లీటరు లోపు ఫ్లోకి చాలామంది డాక్టర్లు అది అక్కర్లేదంటారు, మీ డాక్టరును అడిగి వీలైతే తీసేయండి. ఎందుకంటే పసిబిడ్డ ఫ్లోలో ఎక్కువగా లీకయ్యే చోటు ఆ బాటిల్ మూతే. మూత మర ఒక పక్కకి వంకరగా ఎక్కితే పైకి బిగిసినట్టే కనిపిస్తుంది. పెద్దవాళ్లకు 3 లీటర్లు పోతుంటే అందులో 0.1 లీటరు కారినా తేడా తెలియదు. 0.1 లీటర్లో ఉన్న బిడ్డకు అదే లీకు అంటే ముక్కులోకి ఏమీ రానట్టే. మీటర్ మాత్రం బంతిని చక్కగా గీత మీదే చూపిస్తుంది.

అందుకే రోజుకి రెండుసార్లు ఈ పరీక్ష చేయాలి. ఇద్దరు ఉన్నప్పుడు చేయండి, ఒకరు బిడ్డను, ఆక్సిమీటర్‌ను చూస్తూ ఉండాలి. గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసుకుని కాన్యులా (బిడ్డ ముక్కుకు పెట్టే ఆక్సిజన్ గొట్టం) ముక్కుగొట్టాల కొసలు మాత్రమే ముంచాలి. సన్నటి బుడగలు ఆగకుండా రావాలి. రాకపోతే కాన్యులా దగ్గర్నుంచి వెనక్కి వెళ్తూ ఒక్కో జాయింటు విప్పి ముంచి చూడండి. ఎక్కడ విప్పితే బుడగలు మళ్లీ వస్తాయో, దానికీ అంతకుముందు విప్పిన జాయింటుకీ మధ్యే లీకు. పరీక్ష అయ్యాక గొట్టం కొసల్లో నీటిచుక్క మిగలకుండా తుడిచి, కాసేపు గాలి పోనిచ్చి మళ్లీ పెట్టాలి. మొత్తం నిమిషం పని. బాటిల్ వాడాల్సి వస్తే అందులో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, రోజూ మార్చాలి, క్యాన్ నీళ్లు వద్దు.

కాన్యులాలో ప్రీమీ, నియోనేట్, ఇన్‌ఫంట్ అని సైజులు ఉంటాయి. ముక్కుగొట్టం రంధ్రాన్ని నింపేయకూడదు, సగం ఖాళీ ఉండాలి. వంపు కిందికి, అంటే పై పెదవి వైపుకి ఉండాలి. తిరగేసి పెడితే గాలి ముక్కు గోడకి కొట్టి పుండవుతుంది. చెంపల మీద టేపు నేరుగా అంటిస్తే మూడో రోజుకి చర్మం టేపుతోపాటు లేచొస్తుంది. ముందు డ్యువోడెర్మ్ లాంటి హైడ్రోకొల్లాయిడ్ పొరను రెండు చెంపలకీ చిన్న ముక్కలుగా అంటించి, దాని మీద కాన్యులా పెట్టి, ఆ పైన టేపు వేయాలి. టేపు మార్చినప్పుడల్లా పై టేపే ఊడుతుంది, కింది పొర కొన్ని రోజులు ఉంటుంది. గొట్టాన్ని చెవుల మీదుగా వీపు వైపుకి తిప్పి బట్టలకు పట్టించండి, మెడ ముందు వేలాడనివ్వద్దు.

ఇక పల్స్ ఆక్సిమీటర్. మా దృష్టిలో డబ్బు ముందు పెట్టాల్సింది దీని మీద. 2021లో ఇంటింటికీ కొన్న వేలి క్లిప్పు ఇక్కడ పనికిరాదు, అది పెద్దవాళ్ల వేలికి చేసింది. పసిబిడ్డ పాదానికి చుట్టే సెన్సర్ ఉన్న హ్యాండ్‌హెల్డ్ రకం కావాలి. సెన్సర్‌లో ఎర్ర లైటు ఒక పక్క, దాన్ని అందుకునే కన్ను ఇంకో పక్క ఉంటాయి. పాదం అంచున చుట్టినప్పుడు ఆ రెండూ సరిగ్గా ఎదురెదురుగా రావాలి. పాదం చల్లగా ఉన్నా, ఎండ నేరుగా పడుతున్నా, బిడ్డ కాలు ఆడిస్తున్నా అంకె పడిపోతుంది. తెర మీద పల్స్ అంకె, డాక్టరు స్టెతస్కోప్‌తో లెక్కపెట్టినట్టు గుండె కొట్టుకునే అంకె, రెండూ దగ్గరగా ఉన్నప్పుడే సాచురేషన్‌ను (రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని) నమ్మాలి. చర్మం కమిలిపోకుండా మూడు నాలుగు గంటలకోసారి పాదం మార్చాలి.

ఇంట్లో సాచురేషన్ ఎంత ఉండాలన్నది డాక్టరు రాసిచ్చిన అంకె. బీపీడీ బిడ్డకు సాధారణంగా 93 శాతానికి తగ్గకుండా చూడమంటారు. ఊరికే పడుకున్నప్పుడు ఒక్కసారి చూసి సరిపెట్టుకోవద్దు. పాలు తాగేటప్పుడు, తాగిన వెంటనే, గాఢనిద్రలో, ఏడ్చినప్పుడు విడివిడిగా చూసి రాసి పెట్టండి. ఎక్కువగా పడిపోయేది పాలు తాగేటప్పుడే. అంకెతోపాటు తేదీ, టైము, అప్పటి ఫ్లో, ఆ వారం బరువు కూడా ఒకే నోట్‌బుక్‌లో ఉండాలి. బిడ్డకు ఆక్సిజన్ కొద్దికొద్దిగా చాలకపోతే ముందు నీలం తిరగడు, బరువు పెరగడం ఆగుతుంది. తిన్నదంతా ఊపిరి తీయడానికే ఖర్చయిపోతుంది. మొదటి నెలల్లో రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరగాల్సిన బిడ్డ వారం పాటు కదలకపోతే పాలు మార్చే ముందు ఆక్సిజన్ లెక్క డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు ఖర్చు. మెషిన్ కిరాయి అందరికీ కనబడుతుంది, కరెంటు బిల్లు కనబడదు. 350 వాట్లు రోజంతా నడిస్తే 8.4 యూనిట్లు, నెలకి 252. ఫ్లో పావు లీటరుకి తగ్గించినా చాలా మెషిన్లలో కంప్రెసర్ అదే వేగంతో తిరుగుతుంది, బిల్లు తగ్గదు. ఇంటి మామూలు వాడకానికి ఇది తోడైతే పై స్లాబులోకి వెళ్తుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తున్న ఇళ్లకు ఇంకా పెద్ద దెబ్బ. మెషిన్ ఒక్కటే 200 దాటిస్తుంది కాబట్టి ఆ నెల జీరో బిల్లు పోతుంది.

సిలిండర్ లెక్క ఇలా. బి-టైప్ సిలిండర్‌లో 10 లీటర్ల నీళ్లు పట్టేంత చోటు ఉంటుంది, నిండుగా నింపితే గేజ్ 150 దగ్గర నిలుస్తుంది. గేజ్ అంకెను 10తో గుణిస్తే మిగిలిన ఆక్సిజన్ లీటర్లు, అంటే నిండు సిలిండర్‌లో 1,500 లీటర్లు. నిమిషానికి 0.25 లీటరు చొప్పున అది 100 గంటలు వస్తుంది, నాలుగు రోజులు. 0.1 లీటరుకి 250 గంటలు, పది రోజులు. అర లీటరుకి రెండు రోజులు, 1 లీటరుకి ఒక్క రోజు. నెలకి చూస్తే 0.25 లీటరు బిడ్డకు 8 సార్లు నింపించాలి, 0.1 లీటరుకి 3 సార్లు చాలు, అర లీటరైతే 15 సార్లు పడుతుంది. మీ ఊళ్లో నింపే రేటు, ఆటో కిరాయి కలిపి ఈ అంకెతో గుణించండి. ఒకవైపు అది, ఇంకోవైపు మెషిన్ కిరాయి ప్లస్ 252 యూనిట్లు. కరెంటు తరచూ పోయే పల్లెల్లో ఈ లెక్క ఇంకా సిలిండర్ వైపే మొగ్గుతుంది. మెషిన్ తెచ్చుకున్నా పవర్‌కట్‌కి ఒక సిలిండర్ ఎలాగూ ఉండాల్సిందే.

సిలిండర్‌తో వచ్చే ఇబ్బందులు కూడా ఉన్నాయి. మామూలు రెగ్యులేటర్ మీద ఫ్లో గీతలు 1 నుంచి 15 వరకు ఉంటాయి, పసిబిడ్డకు అదీ పనికిరాదు. సిలిండర్ ఒత్తిడికి చేసిన నియోనేటల్ ఫ్లోమీటర్ విడిగా కొనాలి. వాల్వ్‌లో రకాలున్నాయి, సిలిండర్ మార్చినప్పుడు రెగ్యులేటర్ కలవకపోతే అర్ధరాత్రి చేసేదేమీ ఉండదు. అందుకే రెండు సిలిండర్లూ ఒకే వాల్వ్ రకంవి తీసుకోండి. తాళం, అదనపు వాషర్లు రెండు దారంతో సిలిండర్ మెడకే కట్టి ఉంచండి. బిగించాక ఉస్‌మని చప్పుడు వస్తే పది సార్లలో తొమ్మిది సార్లు వాషర్ అరిగిందనే అర్థం. మెడికల్ ఆక్సిజన్ సిలిండర్ ఒళ్లు నలుపు, భుజం తెలుపు. వెల్డింగ్ షాపు సిలిండర్ చవకగా దొరికినా తేవద్దు. వాల్వ్‌కి నూనె, గ్రీజు తగలనివ్వద్దు, చేతికి నూనె ఉంటే కడుక్కుని ముట్టుకోండి. గోడకి గొలుసుతో నిలబెట్టి కట్టాలి. గేజ్ 15కి దిగేలోపే మార్చేయాలి.

మెషిన్‌కి ఇన్వర్టర్ పెట్టుకునేవాళ్లకు ఒక మాట. ఇది మోటారు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద వేడెక్కి మూలుగుతుంది. సైన్ వేవ్‌దే కావాలి. 150 ఏహెచ్ బ్యాటరీ మంచి స్థితిలో ఉండి, మెషిన్ ఒక్కటే దాని మీద ఉంటే మూడు గంటలు, కాస్త అటూ ఇటూ. ఫ్యాన్లూ లైట్లూ కలిపితే అంత రాదు. కొనే ముందు, తెచ్చుకున్నాక కూడా, నడుస్తున్న మెషిన్ ప్లగ్ పీకి చూడండి, గట్టిగా అలారం మోగాలి. కొన్నిట్లో ఆ అలారం వెనకాల పెట్టే 9 వోల్టుల బ్యాటరీ మీద ఆధారపడుతుంది. అది అయిపోతే కరెంటు పోయిన సంగతి నిద్రలో ఎవరికీ తెలియదు.

వేసవిలో మెషిన్‌తో జాగ్రత్త. పని చేయగల వేడికి హద్దు మాన్యువల్‌లో రాసి ఉంటుంది, కొన్నిటికి అది 32 డిగ్రీలే. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో రేకుల ఇంట్లో మెషిన్ నడిపితే ఏమవుతుందో ఊహించవచ్చు. మెషినే 350 వాట్ల హీటర్‌లాంటిది, మూసిన చిన్న గదిలో పెడితే దాని వేడి దానికే తగులుతుంది. పక్క గదిలో, గోడకీ కర్టెన్లకీ ఒక అడుగు ఎడంగా, నేల మీద పెట్టి, గొట్టం మాత్రం బిడ్డ గదిలోకి తెచ్చుకోండి. వంటింట్లో పెట్టొద్దు, పోపు ఘాటూ నూనె ఆవిరీ ఫిల్టర్‌లోకే వెళ్తాయి. వెనక ఉండే స్పాంజి ఫిల్టర్ వారానికోసారి ఉతికి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. రెండోది కొని పెట్టుకుంటే తడిది పెట్టాల్సిన అవసరం రాదు. తేమ లోపలికి వెళ్తే జియోలైట్ పాడవుతుంది, శాతం పడిపోతుంది, బాగు చేయించడం కొత్తది కొన్నంత పని.

ఇదే కారణంతో సెకండ్ హ్యాండ్ మెషిన్లను ఊరికే నమ్మొద్దు. కరోనా రెండో వేవ్‌లో కొని, ఆ తరవాత మూలన పెట్టినవి ఇప్పుడు చవకగా వస్తున్నాయి. కొన్నేళ్లు తేమలో ఊరికే ఉన్న మెషిన్ చూడటానికి కొత్తదే, గుళికలు మాత్రం చచ్చిపోయి ఉండొచ్చు. అమ్మేవాళ్ల ముందే అరగంట నడిపి, ఆక్సిజన్ ఎనలైజర్‌తో శాతం కొలిపించండి. ఎనలైజర్ లేదంటే తీసుకోవద్దు. తిరిగిన గంటలు చూపే మీటర్ కూడా చూడండి. శాతం తగ్గినప్పుడు హెచ్చరించే మోడల్ అయితే మంచిది. ఎవర్‌ఫ్లోలో ఓపీఐ (ఆక్సిజన్ శాతాన్ని కనిపెట్టే సూచిక) ఉన్న రకం 82 శాతం కిందికి దిగితే పసుపు లైటు వెలిగిస్తుంది. భుజాన తగిలించుకునే పోర్టబుల్ మెషిన్ కొనమని ఎవరైనా అంటే, పల్స్ మోడ్ మీద నడిచేదైతే వద్దనండి. అది ఊపిరి లాగినప్పుడే ఆక్సిజన్ వదులుతుంది. పసిబిడ్డ ఊపిరి చిన్నది, వేగం ఎక్కువ, మెషిన్ దాన్ని పసిగట్టలేదు.

నిప్పు సంగతి మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పాలి. స్నానం తరవాత సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, అగరబత్తి, దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేయడం, హారతి కర్పూరం, ఇవన్నీ ఆ ఊపిరితిత్తులకు విషం. ఆక్సిజన్ దగ్గర మంట అంటుకునే ప్రమాదం దానికి తోడు. మంట ఏదైనా 10 అడుగుల లోపుకి రాకూడదు. అమ్మమ్మలు, నాయనమ్మలు ప్రేమతోనే చేస్తారు. వాళ్లకు కోపంగా కాకుండా డాక్టరు చేతనే ఒకసారి చెప్పిస్తే వింటారు. ముఖానికి ఆముదం, కొబ్బరినూనె, వాజలీన్ రాయొద్దు. ముక్కు ఎండితే సెలైన్ చుక్కలు వాడండి.

డొక్కలు ఎగరేస్తున్నా, పక్కటెముకల కింద గుంటలు పడుతున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, పెదాలు నీలం తిరిగినా, పాలు పట్టడం మానేసినా ముందు బిడ్డను చూడాలి, తరవాతే మెషిన్‌ను. మెషిన్ మీద అనుమానం వస్తే విప్పుతూ కూర్చోకుండా సిలిండర్‌కి మార్చేసి, హాస్పిటల్‌కి బయలుదేరాలి. 108కి ఫోన్ చేసినప్పుడు బిడ్డ ఇంట్లో ఆక్సిజన్ మీద ఉందన్న సంగతి మొదటే చెప్పండి.

డబ్బు తిరిగి వచ్చే దారులు తక్కువ. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ జాబితాలో హాస్పిటల్ బయట వాడే ఆక్సిజన్ సిలిండర్ చెల్లించనక్కర్లేని వస్తువుల్లో ఉంది, కాబట్టి పాలసీలో విడిగా రాసి ఉంటే తప్ప క్లెయిమ్ రాదు. ముందే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడగండి. ఆరోగ్యశ్రీలో, ఎన్టీఆర్ వైద్య సేవలో చేరిన బిడ్డయితే డిశ్చార్జికి ముందే ఆరోగ్యమిత్రను కలిసి ఫాలోఅప్‌కి ఏమేమి వర్తిస్తాయో రాయించుకోండి. డిశ్చార్జి అయ్యాక ఆ పని రెండింతలు కష్టం. కళ్ల పరీక్ష, వినికిడి, ఎదుగుదల పరీక్షల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే డీఈఐసీకి (పిల్లల లోపాలను ముందే గుర్తించి చూసే జిల్లా కేంద్రానికి) వెళ్తే ప్రైవేటు ఫీజులు మిగులుతాయి. ఆక్సిజన్ మీద ఉన్నాడని ఆ పరీక్షలు వాయిదా వేయొద్దు, నెల తక్కువ బిడ్డకు రెటీనా పరీక్ష తేదీ తప్పకూడదు.

ఫ్లో తగ్గించడం డాక్టరు పని. అర లీటరు నుంచి పావు, పావు నుంచి 0.1, అక్కడి నుంచి పగలు కాసేపు తీసి చూడటం, రాత్రిపూట తీయడం చివరికి, ఇలా మెట్లు మెట్లుగా సాగుతుంది. బిల్లు చూసి మనమే మధ్యాహ్నం రెండు గంటలు ఆపేయడం చేయొద్దు. చూడటానికి బిడ్డ హుషారుగానే ఉంటుంది, కానీ గుండె కుడివైపు మీద భారం పడుతూ ఉంటుంది. పూర్తిగా తీసేశాక కూడా మెషిన్‌నో సిలిండర్‌నో మర్నాడే వాపసు ఇవ్వొద్దు. మొదటి జలుబుకే మళ్లీ అవసరం పడే బిడ్డలు ఉన్నారు. ఎన్ని వారాలు ఉంచుకోవాలో డాక్టరును అడిగి, ఆ గడువుకి కిరాయి రోజుల లెక్కన తీసుకుంటారా, నెల మొత్తం తీసుకుంటారా అన్నది డిపాజిట్ రసీదు మీదే మొదటి రోజు రాయించుకోండి. ఇచ్చేటప్పుడు మీటర్‌లో తిరిగిన గంటలు, మెషిన్ నాలుగు పక్కలా ఫోటోలు తీసి పెట్టుకోండి. కాన్యులాలు, సెన్సర్ వాపసు తీసుకోరు. లో-ఫ్లో మీటర్ మాత్రం దాచి పెట్టండి, అదే ఎన్‌ఐసీయూ నుంచి వచ్చే ఇంకో కుటుంబానికి ఉపయోగపడుతుంది.